మునిగిన ఓడ దాకా వెళ్లి

మా వారు మగ్గాల షెడ్డులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోకపోయి ఉంటే ఆ ప్రయాణంలో నా పక్కన ఆయనే ఉండేవారు. ఉత్తర యూరప్ రేవు పట్టణాలన్నీ చుట్టి వచ్చే పెద్ద ఓడలో మా ఇద్దరికీ గది తీసుకున్నాం. ఉన్ని స్వెటర్లు కూడా కొన్నాం. తమిళ నేల మీద, ఎండలు కాసే మా సూలూరులో ఉన్ని స్వెటరు కొనడమంటే వీధి వీధంతా చెప్పుకునే వార్త. అంతా అయ్యాక ఆయన పడ్డారు. ఆపరేషన్ బాగానే జరిగింది గాని, చాలా నెలలు మెట్లెక్కకూడదన్నారు డాక్టర్లు.

"నువ్వు పోయి రా," అన్నారు మంచం మీంచి. "నా కాలు బాగయ్యేదాకా కూసుంటే నువ్వు ఈ జన్మలో పోలేవు."

నా ఆశ సంగతి ఆయనకు తెలుసు. అది మా నాయన నూలు మిల్లు ఆఫీసులో పుట్టింది. యంత్రాలు అమ్మే విదేశీ కంపెనీ ఒకటి ఏటా మాకు క్యాలెండరు పంపేది. ఒక ఏడు అందులో ఒక పాత యుద్ధపు ఓడ బొమ్మ వచ్చింది. నల్లటి చెక్క. వెనక భాగమంతా గాలిగోపురం మీద ఉన్నట్టు బొమ్మలే బొమ్మలు. స్టాక్‌హోమ్‌లో ఒక రాజు కట్టించాడట. మోయలేనన్ని ఫిరంగులు ఎక్కించాడట. తొలి ప్రయాణంలోనే, రేవు దాటకముందే, ఒడ్డున జనం చూస్తుండగా ఒరిగి మునిగిపోయిందట. మూడు వందల ఏళ్లకు పైగా బురదలో పడుకుని, మళ్లీ పైకి వచ్చిందట. క్యాలెండరు పాతబడ్డాక కూడా ఆ పేజీని పారేయనివ్వలేదు నేను. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మగ్గాల లెక్కలు చూస్తూనే జుట్టు నెరిసింది. ఆ ఓడను ఒక్కసారి కళ్లతో చూడాలన్న కోరిక మాత్రం నెరవలేదు.

నన్ను ఒంటరిగా పంపడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు. "మా అత్తని పిలుసుకొని పోమ్మా," అంది ఫోన్‌లో. "పావం, రామేశ్వరం దాటి ఏ ఊరూ సూడలేదు. నోరు తెరిసి అడిగే మనిషి గాదు. నేను సెప్పినట్టు తెలియగూడదు, నువ్వే పిలిసినట్టు ఉండాల."

మా వియ్యపురాలిది ఆండిపట్టి పక్కన పల్లె. పత్తి, మల్లె తోట, ఆవులు, కూలీలు, అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. గట్టి ఒళ్లు, గట్టి గొంతు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. మేమిద్దరం ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటాం, మీరు అనే మాట్లాడుకుంటాం. ఆడపిల్ల తల్లిని కాబట్టి ఆమె ముందు నేను ఎప్పుడూ ఒక మెట్టు దిగే ఉంటాను. దిగమని ఆమె ఏనాడూ అనలేదు. మా వాళ్లలో ఆ మెట్టు అలా దిగిపోతాం, అంతే. నేను ఫోన్ చేసి పిలిచాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరి వదినా, వస్తా," అంది. సంతోషం పట్టలేక మాట రాలేదనుకున్నాను.

కోపెన్‌హాగెన్‌లో ఓడ ఎక్కాం. పదిహేను అంతస్తుల కట్టడాన్ని తెచ్చి నీళ్లలో నిలబెట్టినట్టుంది. సాయంత్రం గాని కదలదు. పెట్టెలు గదిలో పడేసి, ఊరు చూసి వద్దాం రమ్మన్నాను.

"ఇప్పుడే గదా వదినా ఎక్కినాం," అందామె మంచం మీద కాళ్లు చాపుకుంటూ. "మళ్లీ దిగేది ఏమిటికి?"

మొదటి రోజు కదా, అలిసిపోయింది అనుకున్నాను. బాల్కనీలో నిలబడి, దూరంగా కనబడే చర్చి శిఖరాలు లెక్కపెట్టుకుంటూ ఆ పూట గడిపాను.

తర్వాతి రేవు జర్మనీలో. అక్కడి నుంచి ఓడవాళ్లే బస్సులో బెర్లిన్ దాకా తీసుకెళ్లి తీసుకొస్తారు. పోవడానికే మూడు గంటలు పడుతుందని ఆమె ఎవరి దగ్గరో విన్నది.

"బస్సు దారిలో నిలిసిపోతే?"

"వాళ్ల బస్సే వదినా. మనం వచ్చేదాకా ఓడ కదలదు. కాగితంలో రాసి ఉంది."

"కాగితంలో రాసేదానికి ఏమి, నేనూ రాస్తా."

అలా బెర్లిన్ పోయింది. రేవు పక్కనే ఉన్న చిన్న ఊళ్లో, చేపల రొట్టెలు అమ్మే పడవల ఎదురుగా బల్ల మీద కూర్చున్నాం. ఇంటి నుంచి తెచ్చిన మురుకుల పొట్లం విప్పిందామె. ఒక మురుకు నోటి దాకా పోయిందో లేదో, కోడిపుంజంత తెల్లటి సముద్రపు పక్షి ఒకటి ఎక్కడి నుంచో వచ్చి దాన్ని లాక్కుపోయింది. ఆమె లేచి నిలబడి, ఆండిపట్టి సంతలో దొంగను తిట్టినట్టు దాన్ని తిట్టింది. చుట్టూ ఉన్న జర్మన్లు చప్పట్లు కొట్టారు. నాకూ నవ్వొచ్చింది. కాని మధ్యాహ్నమంతా ఆమె పొట్లాన్ని కొంగు కింద దాచుకుని, ఆ పక్షి మళ్లీ వస్తుందా అని ఆకాశం చూస్తూ కూర్చుంది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను. ఓడలో ఉన్న సగం మంది అప్పటికి బెర్లిన్‌లో తిరుగుతున్నారు.

టాలిన్‌లో మాత్రం పట్టు విడవకూడదనుకున్నాను. రేవు నుంచి నడిచిపోయేంత దూరంలోనే పాత కోట ఊరు. ఎర్ర పెంకుల టోపీలు పెట్టుకున్న బురుజులు, రాళ్లు పరిచిన సందులు. పైన గుట్ట మీద ఒక చోటు ఉందట, అక్కడ నిలబడితే ఊరి కప్పులన్నీ, వాటి వెనక సముద్రమూ కనబడతాయట. పొద్దున్నే బయల్దేరాం. కోట వాకిలి దగ్గర వరసగా పూల అంగళ్లు. ఆమె అక్కడ ఆగింది.

"మల్లి లేదా?" అని అంగడామెను తెలుగులోనే అడిగింది. ఆమెకు అర్థం కాలేదు. మా వియ్యపురాలు గులాబీ ఒకటి తీసి, కాడ చూసి, చివర గిల్లి చూపించి, మళ్లీ కోయాలని చేతులతో చెప్పింది. అంగడామె ఏదో అంది. ఈమె ఏదో అంది. ఇద్దరూ పూల కట్టలు పైకెత్తి చూపించుకుంటూ మాటల్లో పడిపోయారు. ఒక్క మాట కూడా ఒకరిది ఒకరికి తెలియదు.

"వదినా, పోదామా?"

"మీరు ముందు పోతా ఉండండి. ఈ రాళ్ల మీద నా కాలు నిలవడం లేదు. ఈడ్నే కూసుంటా."

సరే, ఇదీ మంచిదే అనుకుని సందులో నడిచాను. ఒక మలుపు తిరిగేసరికి ఫోన్ మోగింది. "వదినా, ఏడ ఉండారు?" చెప్పాను. పెద్ద కూడలి చేరేసరికి మళ్లీ మోగింది. "వదినా, ఇంకా ఏడ ఉండారు? ఒంటిగా ఉండారా?" ఒంటరిగా కాక ఇంకెవరితో ఉంటాను? గుట్ట ఎక్కే మెట్ల దగ్గర మూడోసారి. ఈసారి ఫోన్ ఎత్తలేదు. నాలుగు మెట్లెక్కాను. మళ్లీ మోగింది, మళ్లీ మళ్లీ మోగింది. ఏమైందోనని భయపడి పరుగున వెనక్కి వచ్చాను. ఆమె చేతిలో ఒక గులాబీ పట్టుకుని హాయిగా కూర్చుని ఉంది.

"ఏమైంది వదినా?"

"ఏమీ లేదు, సుమ్మా, ఊరికే అడిగినా. మీరు ఎత్తకపోతే నాకు దిగులు."

ఆ రాత్రి భోజనాల దగ్గర, గుట్ట మీది నుంచి ఆ ఊరు ఎలా ఉంటుందో వేరేవాళ్ల ఫోన్‌లో చూశాను. వాళ్లు హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు. మా మాటలు విని మా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తెలుగువాళ్లు, మర్యాదస్తులు. మర్నాడు హెల్సింకిలో ఒక పూట వదినను వీళ్లతో కలిపితే నేను నా దారిన తిరగొచ్చు. వాళ్లు టాక్సీ మాట్లాడుకున్నారట, అందులో చోటుంది కూడా.

మా వియ్యపురాలు ఆ ఇల్లాలి వైపు తిరిగి, ఎంతో ఆదరంగా, "కూడు తింటిరా అమ్మా?" అంది.

మా ఇళ్లల్లో అది మామూలు మాట. వచ్చిన చుట్టాన్ని మొదట అడిగే మాట. ఆ ఇల్లాలు మాత్రం తెల్లబోయింది. తర్వాత నవ్వింది. "కూడు ఏంటండీ! మా తాతల కాలంలో పాలేళ్లు కూడా అలా అనేవాళ్లు కాదేమో." ఆమె భర్త అందుకుని, "మీరు తమిళ్ కదా? ఆ మాత్రం రావడమే గొప్ప. తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. వాళ్ల నవ్వులో చెడు ఏమీ లేదు, అది నాకు తెలుస్తూనే ఉంది.

"నేర్సుకునేదా?" అంది వదిన. "మా అవ్వ, వాళ్ల అవ్వ, అందరూ ఇదే గదా మాట్లాడింది." అని, పళ్లెం వైపు తల వంచుకుంది.

గదిలోకి రాగానే, రేపు వాళ్లతో టాక్సీలో వెళ్తారా అని అడిగాను, ఆశ చావక.

"వాళ్ల ముందు నేను ఇంక నోరు తెరిసేది లేదు," అంది. గది మూల చిన్న దేవుడి పటం పెట్టుకుంది, ఓడలో నిప్పు వెలిగించకూడదని బ్యాటరీ దీపం. అది పెట్టడానికి రోజూ పొద్దు గుంకాలని చూస్తుంది, ఆ దేశంలో వేసవిలో పొద్దు ఎంతకీ గుంకదు. ఆ పూట వెలుతురుండగానే దీపం పెట్టేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నాకు ఆమె మీద జాలి, వాళ్ల మీద కోపం. తెలుగు అక్షరాలు నాకు మా అవ్వే నేర్పింది, బడిలో మాకు ఉన్నది తమిళమే. మా మాటను ఎవరైనా నవ్వితే నాకూ గుచ్చుకుంటుంది. కాని, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఆ జాలి కింద ఇంకో సంగతి కుతకుతలాడుతూనే ఉంది. హెల్సింకి కూడా పోయింది కదా అని. పోయింది కూడా. అలా మనసు నొచ్చుకున్న మనిషిని వదిలి ఎలా తిరుగుతాను? వాన పడుతుంటే రేవు ముందు సంత గుడారంలో చక్కెర లేని టీ తాగుతూ కూర్చున్నాం. ఎదురుగా ట్రాములు వచ్చాయి, పోయాయి. రాతిని తొలిచి కట్టిన గుడి ఒకటి ఉందట ఆ ఊళ్లో. ఎంత దూరమో కూడా అడగలేదు.

స్టాక్‌హోమ్ చేరిన పొద్దున, టిఫిన్ తింటుండగానే చెప్పేశాను. ఈ రోజు నేను ఆ పాత ఓడ చూడ్డానికి పోతున్నాను, మీరు వచ్చినా సరే, ఓడలోనే ఉన్నా సరే అని. ఆ ఓడ కథ మొత్తం చెప్పాను కూడా. అదే తప్పయింది.

ఆమె చెంచా కింద పెట్టేసింది. "మునిగిన ఓడనా? ఓడలో పోతా ఉండి మునిగిన ఓడని ఎవురైనా సూస్తారా వదినా? ఇంకా దోవ ఉండాదే మనకి. ఒద్దు, అది మంచి శకునం గాదు."

"అది మునిగి నాలుగు వందల ఏళ్లయింది."

"అయితే ఏమి? మునిగింది మునిగిందే."

"అయితే మీరు ఉండండి. నేను పోతాను."

"మీరు పోతే నేను ఎట్లా ఉంటా? నేనూ వస్తా," అని లేచి బూట్లు వేసుకుంది.

రేవు నుంచి చిన్న పడవలో ఆ ప్రదర్శనశాల ఉన్న దీవికి చేరాం. దూరం నుంచే తెలిసిపోతుంది. కట్టడం కప్పు మీంచి తెరచాప కొయ్యలు పైకి నిలబడి ఉన్నాయి. వాకిలి ముందు పెద్ద వరస. వెళ్లి నిలబడబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నా మాట వినండి. బయట నుంచి సూసినాం గదా. సాలు."

ఆ "సాలు" విన్నాక నాలో ఏదో తెగింది. ఆడపిల్ల తల్లిని, ఒక మెట్టు కింద ఉండాలి, ఇవన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. అందరి ముందూ, గొంతెత్తి, అన్నాను:

"మీ వల్ల నేను ఒక్క ఊరూ సూడలేదు వదినా! ఒక్కటీ! రామేశ్వరం దాటి పోలేదే పావం, అని మిమ్మల్ని పిలుసుకొని వచ్చినా. సూసేది ఇష్టం లేకపోతే వచ్చింది ఏమిటికి?"

ఆమె నా చెయ్యి వదిలేసింది. ముఖం ఎర్రబడింది.

"మీరు నన్ను పిలుసుకొని వచ్చినారా?" అంది. "మల్లి కోసే కాలం. కూలోళ్లు దొరికేది లేదు. ఆవు నేడో రేపో ఈనేటట్టు ఉండాది. అంతా ఇడిసిపెట్టి నేను వచ్చింది ఊరు సూసేదానికా? మీకు తోడు వచ్చినా! మీ బిడ్డ ఏమి సెప్పింది తెలుసునా? అమ్మకి తల సుట్టు వస్తా ఉండాది, మగ్గాల దగ్గర ఒకసారి పడిపోయింది, ఒంటిగా పంపితే నాకు నిద్ర పట్టదు, మీరు పోతేనే అత్తా, అని ఏడిసింది. అమ్మకి తెలియగూడదు, అమ్మే పిలుస్తుంది, మీరు సరి అని సెప్పండి అన్నది. మీరు ఫోన్ ఎత్తకపోతే నాకు ప్రాణం పోతా ఉండాది ఆడ. నాకు ఈ సలి ఒద్దు, ఈ ఓడ ఒద్దు. ఎప్పుడు ఇంటికి పోతామా అని ఉండాది!"

ఎండలో మగ్గాల దగ్గర నేను ఒకసారి సొమ్మసిల్లిన మాట నిజమే. ఇన్ని రోజులూ నేను ఆమెను ఓర్చుకుంటున్నాననుకున్నాను. ఆమె నన్ను ఓర్చుకుంటోంది. ఒకరి కోసం ఒకరం, అక్కరలేని చోట, చలిలో.

అక్కడే ఒక గోడ మీద కూర్చుని అమ్మాయికి ఫోన్ చేశాను. అది ఆఫీసులో ఉంది. మా ఇద్దరి ముఖాలూ ఒకే తెరలో చూసి మురిసిపోయింది.

"ఏమ్మా, ఇద్దరూ బాగా సూస్తా ఉండారా? అత్తా, బాగుండాదా? గొడవ ఏమీ లేదే?"

"గొడవ ఏమీ లేదు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆమె పక్కన కూర్చుని ఉండగా నా బిడ్డను నేను ఎలా తిట్టను? నా ముందు కోడలిని ఆమె ఎలా తిడుతుంది? ఆమె ఫోన్ అందుకుని, "బాగుండాం, బాగుండాం. నువ్వు పని సూసుకో, సామీ," అని పెట్టేసింది.

కాసేపటికి, "పోండి వదినా, సూసి రాండి," అంది, నా వైపు చూడకుండా. "నేను లోపలికి మాత్రం రాను. ఈడ్నే కూసుంటా. ఫోన్ చేయను."

వెళ్లి వరసలో నిలబడ్డాను. మా గొడవకూ ఫోన్‌కూ పోయిన సమయంలో టూరిస్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని దింపాయి. వరస ఆ ప్రదర్శనశాల మూల తిరిగి నీళ్ల దాకా పోయింది. మధ్యాహ్నం దాటేదాకా చీమల్లా కదిలాం. చివరికి తలుపు కనబడింది. ఎవరైనా లోపలికి పోయేటప్పుడు అది తెరుచుకుంటుంది. లోపల చీకటి తప్ప ఏమీ కనబడలేదు. నా ముందు ఇంకా ఒక బడిపిల్లల గుంపు. ఓడకు చేరవలసిన వేళ చూసుకున్నాను. తిరుగు పడవ చూసుకున్నాను. లోపలికి వెళ్లి, ఒక చూపు చూసి, పరుగెత్తుకొచ్చినా అందదు. ఇంకో పది నిమిషాలు నిలబడితే ఇద్దరం స్టాక్‌హోమ్‌లోనే మిగిలిపోతాం.

వరస నుంచి బయటికి వచ్చేశాను. వెనక ఉన్నామె సంతోషంగా ముందుకు జరిగింది.

"సూసినారా?" అంది వదిన.

"లేదు."

పడవలో ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. ఆ సాయంత్రం ఓడ చిన్న చిన్న దీవుల మధ్య నుంచి నెమ్మదిగా బయటికి పోయింది. ఒక్కో దీవి మీద ఒక్కో ఎర్ర ఇల్లు, నాలుగు చెట్లు. ఎంత అందమో చెప్పలేను. బాల్కనీలో నిలబడి అన్నీ చూశాను, ఏదీ మనసుకు ఎక్కలేదు. ఆమె తలుపు తీసి, నా భుజం మీద స్వెటరు వేసి లోపలికి పోయింది. దానికీ కోపమే వచ్చింది నాకు. స్వెటరు తీసేయలేదు, చలిగా ఉంది.

కోపెన్‌హాగెన్‌లో దిగాక విమానానికి సాయంత్రం దాకా వేళ ఉంది. పెట్టెలు ఒక హోటల్ ముందుగదిలో పెట్టుకోనిచ్చారు. ఈసారి ఆమే అంది, "వదినా, మీరు ఒంటిగా తిరిగి రాండి. నేను మీ బిడ్డకి సెప్పను."

బయల్దేరాను. ఎన్నాళ్లకో నా కాళ్లు నావి అనిపించింది. కాలువ పక్కన నడిచాను. పసుపు, నీలం, ఎరుపు ఇళ్లు, పడవలు, సైకిళ్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోయే తల్లులు. ఇది కదా నాకు కావలసింది అనుకున్నాను. ఒక వంతెన దాటాను. అక్కడి నుంచి మొదలైంది. ఆమెకు హోటల్ వాళ్లు ఏమైనా చెప్తే అర్థమవుతుందా? బాత్రూమ్ ఎక్కడుందో అడగడం ఎలా? కాఫీ కావాలంటే? ఫోన్ తీసి చూశాను. ఆమె చేయలేదు. చేయనంది కదా. ఒక చర్చి ముందు నిలబడి మళ్లీ చూశాను. గోపురం ఎక్కే వీలుంది, జనం కూడా లేరు. ఎక్కలేదు. నా మీద నాకే విసుగు పుట్టింది. ఎవరూ వెనక్కి లాగని ఒకే ఒక్క పూట దొరికితే, నన్ను నేనే లాక్కుంటున్నాను. అలా తిట్టుకుంటూనే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే గబగబా నడిచాను.

ఆమె ముందుగదిలో మెత్తటి సోఫాలో, బూట్లు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని నిద్రపోతోంది. పక్కన ఖాళీ కాఫీ కప్పు, సగం తిన్న బిస్కెట్లు. ఎవరు ఇచ్చారో, ఎలా అడిగిందో. నా అలికిడికి కళ్లు తెరిచింది.

"అప్పుడే వచ్చేసినారా?" అంది. "ఇంకా ఎంత పొద్దు ఉండాదే! బాగా తిరిగి రావొచ్చు గదా వదినా."

నేను ఆమె ఎదుటి కుర్చీలో కూలబడి, మిగిలిన బిస్కెట్లు తిన్నాను.